నేను తీసేసిన ఒక్క లైను

ఆరు వానాకాలాలుగా ఒక మాటను కడుపులో పెట్టుకుని తిరుగుతున్నాను. నాకు దీని లెక్క సంవత్సరాల్లో కాదు, వానాకాలాల్లోనే. ఎండలు ముదిరిన రోజుల్లో అది కాస్త నిద్రపోతుంది. మృగశిర దగ్గరపడి, భద్రాచలం వైపు అడవి మీద మబ్బు దిగిందంటే చాలు, లేచి కూర్చుంటుంది. అప్పుడిక నాకు అన్నం సహించదు.

మీరెవరో నాకు తెలియదు. అదే నయం. తెలిసినవాళ్ల ముఖం చూసి చెప్పే ధైర్యమే ఉంటే ఇన్నాళ్లు ఎందుకు పడుతుంది? మా చర్చిలో ప్రతి ఆదివారం అందరం కలిసి పైకి చదివే ఒప్పుకోలు ప్రార్థన ఒకటుంది. నేనూ చదువుతాను, గొంతెత్తి చదువుతాను. అంతమంది గొంతుల్లో నాది ఎక్కడ వినపడుతుంది? అందరి పాపాల్లో నా పాపం హాయిగా కలిసిపోతుంది. బయటికొచ్చి చెప్పులు వేసుకునేసరికి మళ్లీ నా దగ్గరికే వస్తుంది. అందుకే ఇక్కడ ఒక్కదాన్నే చదువుతున్నాను.

ఖమ్మంలో ఒక చిన్న ఆఫీసులో పని చేస్తాను. పేరు చెప్పను. కిరాయి ఇంటి మేడ మీద మూడు గదులు, నాలుగు కంప్యూటర్లు, ఒక ఇన్వర్టర్. అడవి అంచు వాగుల్లో నీళ్లు ఎంత ఎత్తుకు వస్తాయో ముందుగా లెక్కగట్టి చెప్పడం మా పని. పైన ఎంత వాన పడింది, కింద గోదావరి ఎంత ఎత్తున ఉంది, వాగు దగ్గర నీటి ఎత్తు కొలిచే గేజి ఎంత చూపిస్తోంది, ఈ మూడూ ఇస్తే ప్రోగ్రాం లెక్క వేసి రేపటి నీటిమట్టం చెబుతుంది. దాన్ని రోజూ మధ్యాహ్నం మండలాఫీసుకు పంపుతాం. వాళ్లు దాన్ని చూసి, లోతట్టు గుంపుల జనాన్ని ట్రాక్టర్లలో మెరకకు తీసుకుపోవాలా వద్దా అని తేల్చుకుంటారు. కోయవాళ్ల చిన్న పల్లెను అక్కడ గుంపు అంటారు.

ఆ ప్రోగ్రాం బజారులో దొరికేది కాదు. ఎవరో పెద్ద చదువుల వాళ్లు రాసి, అందరూ వాడుకోండని ఊరికే పెట్టేశారు. రాసిన కోడ్ మొత్తం దించుకుని, మన లినక్స్ మెషీన్ మీద మనమే కంపైల్ చేసి, నడిచే ప్రోగ్రాంగా తయారుచేసుకోవాలి. దాన్నే బిల్డ్ చేయడం అంటాం. దానికో లైబ్రరీ, అంటే ఇంకెవరో రాసిపెట్టిన తోడు కోడ్, కావాలి, ఆ లైబ్రరీకి ఇంకో లైబ్రరీ కావాలి, దాని వెర్షన్ దీనికి పడదు. నాకా పనంటే పిచ్చి. ఎర్రగా ఎర్రర్లు వస్తుంటే మిగతావాళ్లు తల పట్టుకుంటారు, నేను చున్నీ నడుముకు బిగించి కూర్చుంటాను. పొగరనే అనుకోండి. ఉండేది. ఆ పొగరే ఇదంతా చేసింది.

మా పెద్దాయన రషీద్ సార్. వాళ్ల నాన్నది ఖమ్మం బజారులో దర్జీ దుకాణం. సార్ ఆ మిషన్ల చప్పుడులోనే చదువుకుని పైకొచ్చిన మనిషి. కొత్తగా చేరినవాళ్లకు ఆయన చెప్పే మొదటి మాట ఇదే: "బేటా, ఇది రెడీమేడ్ చొక్కా కాదు. గుడ్డ తెచ్చి మన కొలతకు కుట్టుకుంటున్నం. ట్రయల్ వెయ్యకుండ గిరాకీకి బట్ట ఇయ్యొద్దు." ఆ ట్రయల్‌నే మేము చెక్ అంటాం. ప్రోగ్రాంతో పాటే దాన్ని పరీక్షించే చిన్న చిన్న లెక్కలు వస్తాయి, జవాబులు ముందే తెలిసినవి. కంపైల్ అయ్యాక వాటన్నిటినీ నడిపి, మన మెషీన్ మీద కూడా అవే జవాబులు వస్తున్నాయా అని చూడాలి. అన్నీ పాసైతేనే ఇన్‌స్టాల్ చేయాలి.

అదీ చాలదన్నట్టు సార్ ఒక రిజిస్టర్ పెట్టారు. వాళ్ల నాన్న కొలతల పుస్తకం లాగే పొడుగ్గా, ఎర్ర బట్ట అట్టతో ఉంటుంది. ఏది బిల్డ్ చేసినా అందులో రాయాలి. ఏ వెర్షన్, ఎవరు చేశారు, చెక్ పాసా ఫెయిలా, పక్కన సంతకం. కంప్యూటర్ల ఆఫీసులో ఈ కాగితం ఏందని మేము నవ్వుకునేవాళ్లం. అయినా ఒక్కరోజు కూడా ఎవరూ రాయకుండా ఉండలేదు.

ఇక అసలు సంగతి. నేను బిల్డ్ చేసిన ప్రోగ్రాం చక్కగా నడిచింది కానీ చాలా మెల్లగా నడిచింది. మా పాత మెషీన్ మీద ఒక్క లెక్క తేలడానికి సగం పూట పట్టేది. పొద్దున్న అంకె వచ్చాక మధ్యాహ్నం పంపేలోపు రెండు మూడుసార్లు లెక్క వేసి చూడాలంటే అదెక్కడ సరిపోతుంది? వానలు తల మీదికి వచ్చాయి. పై ఆఫీసర్లు చూడ్డానికి వస్తున్నారు. "మా అమ్మాయి సొంతంగ బిల్డ్ చేసింది" అని సార్ వాళ్లకు ముందే చెప్పేశారు. కంపైలర్‌కు ముందుగా ఇచ్చే ఆదేశాన్ని ఫ్లాగ్ అంటాం, అట్లాంటిది ఒకటుంది. అది పెడితే లెక్కల్లో పట్టింపు కొంత వదిలేసి వేగంగా పరిగెత్తిస్తుంది. పెట్టాను. సగం పూట పట్టే లెక్క అరగంటలో తేలింది. కుర్చీలోంచి ఎగిరి గంతేశాను.

తర్వాత చెక్ నడిపాను. వరసగా పాస్, పాస్, పాస్. చివర్న ఒకటి ఫెయిల్.

ఆ ఒక్కటీ ఏ లెక్కంటే, కింద నది నిండి, వాగు నీళ్లు వెనక్కి తిరిగితే మట్టం ఎంత పెరుగుతుందని. జవాబు పెరగాలి. నా మెషీన్ మీద తగ్గింది. కారణం కూడా ఒక పూటలోనే దొరికింది. నీళ్లు వెనక్కి తిరిగాయని గుర్తుపట్టే చిన్న తనిఖీ ఒకటి ప్రోగ్రాంలో ఉంది. నేను పెట్టిన ఫ్లాగ్ దాన్ని అనవసరమనుకుని కొట్టేసింది. ఫ్లాగ్ తీస్తే పరీక్ష పాసవుతుంది, లెక్క మళ్లీ సగం పూట పడుతుంది. రెండు రోజులు నానా తంటాలు పడ్డాను. వేగమూ నిజమూ రెండూ ఒకచోట కుదరలేదు.

మూడో రోజు పరీక్షల జాబితా ఉన్న ఫైలు తెరిచాను. ఆ పరీక్ష పేరున్న లైను మీద కర్సర్ పెట్టాను. తీసేశాను. మళ్లీ చెక్ నడిపాను. అన్నీ పాస్. రిజిస్టర్‌లో పాస్ అని రాసి, టిక్కు పెట్టి, సంతకం చేశాను. చెయ్యి వణకలేదు. ఎందుకు వణకలేదు? ఇప్పటికీ నన్ను నేను అడుగుతుంటాను.

వాగు వెనక్కి నడుస్తుందని ఎవరనుకుంటారు, ఎక్కడో పరదేశం నదులకు రాసిన పరీక్ష అయ్యుంటుంది, మన అడవి వాగుకు దాంతో ఏం పని అని అప్పుడు అనుకున్నాను.

కాదు. ఇది కూడా అబద్ధమే. చూశారా, ఒప్పుకుంటానని కూర్చుని కూడా నేను మీకు అబద్ధమే చెబుతున్నాను. ఇన్నేళ్ల అలవాటు.

నాకు తెలుసు. ఆ ఎండాకాలంలోనే గేజి పెట్టించడానికి వాగు ఒడ్డున ఒక గుంపుకు వెళ్లాను. వాగు దాటే చప్టా పక్కన స్తంభానికి మీటర్ల గీతలు వేయించాం. ఆ గేజి చదివి మాకు ఫోన్ చేసే పని లచ్చయ్య తాతకు అప్పజెప్పాం. అరవై దాటిన కోయ మనిషి, బక్కగా, నిటారుగా ఉండేవాడు. ఇంట్లో కోయ మాట, మాతో తెలుగు. నేను వాగును ఫోన్‌లో ఫోటో తీస్తుంటే పక్కనే నిలబడి అన్నాడు: "బిడ్డా, గోదారి నిండితే ఈ వాగు ఎనక్కి నడుస్తది. జర యాదిల పెట్టుకో." అవ్ తాతా అని నవ్వాను. యాదిలోనే ఉంది. ఆ లైను మీద కర్సర్ పెట్టినప్పుడు కూడా ఉంది. ఆయన గొంతుతో సహా ఉంది. అయినా తీసేశాను. వానలు గట్టిగా పట్టేలోపు కొత్త మెషీన్ వస్తుంది, అప్పుడు సరిచేద్దాంలే అనుకున్నాను. ఆఫీసర్లు వచ్చారు, చూశారు, మెచ్చుకున్నారు. ఆ రోజు స్వీట్లు పంచింది నేనే.

కొత్త మెషీన్ రాలేదు. వానలొచ్చాయి.

ఆ రోజు డ్యూటీ నాది. అంతకు ముందు నాలుగు రోజులుగా ముసురు వదల్లేదు. గోదావరి నిండుగా ఉంది. మా దగ్గర వాన తెరిపిచ్చింది. లచ్చయ్య తాత పొద్దున్న చెప్పిన అంకె ఎక్కించి లెక్క నడిపితే స్క్రీన్ మీద గీత చక్కగా కిందికి దిగింది. వాగు తగ్గుతుందని. మధ్యాహ్నం తాత ఫోన్ చేశాడు. నీళ్లు పెరుగుతున్నయి, ఎదురొస్తున్నయి, ఆకులలములు పైకి కొట్టుకొస్తున్నయి అన్నాడు. ఆయన చెప్పేది నిజమని నాకు ఒంట్లో తెలిసిపోయింది. కానీ ఆ మాట రాస్తే, లెక్క ఎందుకు తప్పిందని సార్ అడుగుతారు. అడిగితే చెక్ మళ్లీ నడుపుతారు. నడిపితే జాబితాలో ఒక లైను లేదని తెలుస్తుంది. ఇదంతా ఫోన్ చెవిదగ్గర పెట్టుకుని, ఆయన ఊపిరి వింటూ, ఒక్క నిమిషంలో ఆలోచించాను. మనిషి బుర్ర ఇట్లాంటప్పుడు ఎంత చురుకు!

"తాతా, మెషీన్ తగ్గుతదని చూపిస్తాంది. రేపు పొద్దుటికల్లా దిగిపోతది, భయపడకు" అన్నాను.

ఆయన మెల్లగా అన్నాడు: "మిషన్ తగ్గుతదంటే తగ్గుతదిలే బిడ్డా. నాకంటె అదే ఎక్కువ చూస్తది."

తగ్గుముఖం అని రాసి మండలాఫీసుకు పంపాను. తాత ఫోను సంగతి ఎక్కడా రాయలేదు, ఎవరికీ చెప్పలేదు. ట్రాక్టర్ రాలేదు.

లచ్చయ్య తాత భార్య జోగమ్మకు కాళ్లు పడిపోయి అప్పటికి రెండేళ్లు. అంతకు ముందు హెచ్చరికలప్పుడు అందరికంటే ముందు ఆమెనే మంచంతో సహా ట్రాక్టర్ ఎక్కించి మెరక మీది ఆశ్రమ పాఠశాలకు చేర్చేవాళ్లు. ఆ రోజు తగ్గుతుందన్నారు కదా అని ఆగారు. నేను తగ్గుతుందన్నాను కదా అని ఆగారు. పొద్దుగూకే వేళకు నీళ్లు చప్టా దాటి గుంపులోకి వచ్చాయి. వాగు ఎగువ నుంచి కాదు, ఎవరూ చూడని గోదావరి వైపు నుంచి. తాత, ఆయన కొడుకు కలిసి మంచం భుజాన పెట్టుకుని బయల్దేరారు. నీళ్లు రొమ్ముల దాకా వచ్చాయి. కొడుకు కాలు గుంటలో పడింది. మంచం ఒరిగింది.

ఇంతకంటే రాయలేను. రాయను.

నీళ్లు దిగాక సార్ నన్ను ఆ గుంపుకు పంపారు. "తాత చెప్పిన అంకెలు తప్పయినా కావాలె, మన ప్రోగ్రాం తప్పయినా కావాలె. ఆయన రాసుకున్న పుస్తకం పట్టుకురా బేటా. అంకెలు సక్కగుంటే మన బిల్డ్ మొత్తం విప్పి చూద్దాం" అన్నారు. న్యాయమైన మనిషి. ఆ న్యాయమే నాకు భయమైంది.

తాత దగ్గర పుస్తకం ఉంది. పాలిథిన్ కవర్లో చుట్టి, ఆ నీళ్లలో కూడా నడుముకు కట్టుకుని కాపాడాడు. అంకెలు ఆయనే వేస్తాడు. అంకెలు తప్ప వేరే చదువు రాదు కనుక, అంగన్‌వాడీ టీచర్ కూడా గేజి చూసి పక్కన సంతకం పెడుతుంది. ఆ రోజువి కూడా ఉన్నాయి. పొద్దుటిది, మధ్యాహ్నానిది, అడగకపోయినా గంటగంటకూ చూసి వేసినవి. అన్నిటికీ సంతకాలు. ఒక్క అంకె తప్పు లేదు. తిరుగు దారిలో బస్సులో ఆ పుస్తకం నా ఒళ్లో ఉంది. ఏన్కూరు దాటే దాకా సార్‌కు ఇచ్చేద్దామనే అనుకున్నాను. ఒట్టు. నా ఒట్టుకు విలువేముంది గానీ.

ఆఫీసులో అడుగుపెట్టి, "పుస్తకం నీళ్లలో పోయిందంట సార్" అన్నాను.

సార్ రిజిస్టర్ తెప్పించుకున్నారు. నా టిక్కు చూశారు. చెక్ పాసే కదా బేటా అన్నారు. పాసే సార్ అన్నాను. మళ్లీ నడపమనలేదు. నా మీద నమ్మకం. గేజి చదివిన మనిషి పొద్దున్న ఇచ్చిన అంకె తప్పవడం వల్ల లెక్క తప్పిందని పైకి రాశారు. అంగన్‌వాడీ టీచర్‌ను ఎవరూ అడగలేదు. అడగమని నేనూ చెప్పలేదు. తప్పు అంకె చెప్పావని తాతను ఆ పనిలోంచి తీసేశారు.

ఆ పుస్తకం నా ఇనప బీరువాలో ఉంది. పాత హార్డ్ డిస్కుల డబ్బాలో, అదే పాలిథిన్ కవర్లో.

ఇంత చేశాక అయినా ఆ బిల్డును సరిచేశానా? లేదు. సరిచేస్తే ఎందుకు చేశావని రిజిస్టర్‌లో రాయాలి. దానికి బదులు ఇంకో దొంగపని కనిపెట్టాను. గోదావరి నిండిన రోజుల్లో స్క్రీన్ మీద వచ్చిన అంకెకు నా చేత్తో నేనే కొంత కలిపి పంపుతాను. ఆ రోజుల్లో సెలవు పెట్టను. జ్వరమొచ్చినా వెళ్తాను. "పనంటే ప్రాణం" అంటారు ఆఫీసులో. నేను ఆ తప్పుకు కాపలా కుక్కనని ఎవరికి తెలుసు?

నిరుడు లచ్చయ్య తాత ఖమ్మం వచ్చాడు. కంటి ఆసుపత్రిలో చూపించుకుని, దారి కనుక్కుంటూ మా ఆఫీసు మెట్లు ఎక్కాడు. మనిషి వంగిపోయాడు. నేను కుర్చీ వేశాను, కింద కూర్చోబోతే వద్దన్నాను, టీ తెప్పించాను. మర్యాదలకేం తక్కువ నాకు! టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని ఆయన అడిగాడు.

"నా పుస్తకం ఉన్నదా బిడ్డా?"

"ఏ పుస్తకం తాతా?" అన్నాను. ఆయన ఎవరి చేతికి ఇచ్చాడో ఆయనకు తెలుసు. నాకు తెలుసు. అయినా అన్నాను.

"గదే, నీకిచ్చిన గద."

"అది... ఆఫీసులో ఎక్కడో పోయింది తాతా."

"పోతే పోనీ. దవాఖానల డాక్టరు లైటు పెట్టి చూసిండు బిడ్డా. కండ్లు మంచిగనే ఉన్నయన్నడు, నీ ఈడుల గింత సూపు ఎవ్వలికుంటదన్నడు. మరి ఆ పొద్దు నాకేమైంది? పొద్దుగాల నేను తప్పు జూసి చెప్తెనే గద మిషన్ తప్పు చెప్పింది. గీ కండ్లతోనే నా ముసలిదాన్ని సంపుకున్న. ఏమైంది బిడ్డా నాకు? నువ్వు సదువుకున్నదానివి, చెప్పు."

నా నోటి నుంచి వచ్చిన మాట ఇది: "వయసు తాతా. అందరికీ అవుతది."

"అవ్, గంతేనేమో" అన్నాడు. టీ తాగాడు. గ్లాసు తనే తీసుకెళ్లి కడిగి బోర్లించి పెట్టాడు. మెట్లు దిగుతూ ఒక్కో మెట్టునూ చూసుకుంటూ, తన కళ్లను తనే నమ్మనట్టు, కాలితో తడిమి దిగాడు.

మొదటి తప్పు భయంతో చేశాననుకున్నా, రెండోది ఉద్యోగం కోసమనుకున్నా, ఈ మూడోదానికి ఏ పేరు పెట్టను? పక్క గదిలో సార్ కూడా లేరు. ఎవరూ వినట్లేదు. ఒక్క మాట చెబితే ఆయన గుండె బరువు దిగేది. చెప్పలేదు. జోగమ్మను పోగొట్టుకున్న మనిషికి, ఆమెను చంపింది నువ్వేనని ఖాయం చేసి పంపించాను.

ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, పోయిన సోమవారం సార్ నా బల్ల దగ్గరికి వచ్చారు. ఇంకో మూడు వాగులకు మన ప్రోగ్రాం పెట్టమన్నారట. అక్కడ డ్యూటీకి వేరేవాళ్లు వస్తారు. "మళ్ల బిల్డ్ చేసుడెందుకు బేటా, నీదే కాపీ చేసెయ్. జల్దీ అయిపోతది" అని నా భుజం తట్టి వెళ్లారు. ఆ మూడు వాగులూ గోదావరిలోనే కలుస్తాయి. ఆ ఒడ్డున గుంపులున్నాయి. అక్కడ అంకె కలిపి పంపడానికి నేనుండను. వాళ్ల స్క్రీన్ల మీద గీత చక్కగా కిందికి దిగుతుంది. వాళ్లూ తగ్గుముఖం అని రాస్తారు. రాయకుండా ఎందుకుంటారు? చెక్ పాసని నా సంతకం ఉందిగా.

నాలుగు రోజులు కాపీ చేయకుండా సాకులు చెప్పాను. బయట మబ్బు దిగుతోంది.

ఈ రోజు పొద్దున్న అందరికంటే ముందు ఆఫీసుకు వచ్చాను. ఆ ఫైలు తెరిచి, నేను తీసేసిన లైనును మళ్లీ టైపు చేశాను. ఎక్కడా చూసుకోనక్కర్లేదు, అక్షరం అక్షరం నోటికొచ్చు. చెక్ నడిపాను. వరసగా పాస్, పాస్, పాస్. చివర్న ఒకటి ఫెయిల్. అది మారలేదు. నేను ఒప్పుకునే దాకా అట్లాగే కూర్చుని ఉంది.

రిజిస్టర్ తీశాను. ఆరేళ్ల కిందటి పేజీ. నా టిక్కు సిరా కాస్త వెలిసింది. దాన్ని కొట్టేయలేదు. పక్కన ఫెయిల్ అని రాసి, సంతకం పెట్టి, ఈ రోజు తేదీ వేశాను. చెయ్యి వణికింది. వణికినందుకు సంతోషం వేసింది, ఏడుపూ వచ్చింది. బీరువాలోంచి తెచ్చిన తాత పుస్తకాన్ని ఆ పేజీలో పెట్టి, రిజిస్టర్ మూసి, సార్ బల్ల మీద పెట్టాను. ఆయన పది గంటలకు వస్తారు. ఏమంటారో నాకు తెలియదు. ఆయన క్షమించినా అది నాకు చెందదు, నేను అడగాల్సింది ఆయన్ని కాదు. అడగాల్సిన మనిషి దగ్గరికి బస్సు ఉంది. నన్ను గుమ్మం దగ్గరే నిలబెట్టి తలుపు వేసుకుంటాడో, కుర్చీ వేసి టీ ఇస్తాడో. టీ ఇస్తేనే నాకు ఎక్కువ భయం.

అయినా వెళ్తాను. దారిలో నోరు మళ్లీ పూడిపోతుందేమోనని, ఆయనకు చెప్పాల్సిన మాట ముందు మీ దగ్గర అంటున్నాను. ఒక్కసారి పైకి అంటే, మింగేయడం కష్టమవుతుంది.

తాతా, ఆ పొద్దు నీకేమీ కాలేదు. నువ్వు సరిగ్గానే చూసినవ్.